చూపుల జాతీయాలకు అర్థం ఒక్కటే చాలదు

ఇంగ్లీషు జాతీయాల పుస్తకాలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఎడమవైపు జాతీయం, కుడివైపు అర్థం. చైనావాళ్ళ కోసం రాసినా, మనకోసం రాసినా ఇదే వరస. నేర్చుకునేవాడికి అప్పటికే ఒక భాష ఉందని, ఆ భాషకీ కళ్ళున్నాయని వీటికి పట్టదు.

మనం "తిని చూడు" అంటాం. ఇక్కడ కళ్ళకి పనేం లేదు, చూడటమంటే ప్రయత్నించడం. మైలార్‌దేవ్‌పల్లిలో, కాటేదాన్ ఫ్యాక్టరీల దగ్గర హిందీవాళ్ళనే "ఖాకే దేఖో" కూడా ఇదే. చైనీస్‌లోనూ క్రియ వెనక 'చూడు' అనే అర్థమున్న 'కాన్' చేరిస్తే ప్రయత్నించమనే. ఇంగ్లీషు 'సీ' మాత్రం వేరే దారి పట్టి, 'ఐ సీ' అంటూ అర్థమవడం వైపు వెళ్ళింది. మనం "చూశాను" అంటే అర్థమైందని కాదు.

పొగరెక్కినవాడికి మన దగ్గర కళ్ళు నెత్తికెక్కుతాయి. చైనీస్‌లోనూ కళ్ళు నడినెత్తిన మొలుస్తాయి! ఇంగ్లీషువాడు అదే పొగరుతో ముక్కు మీదుగా కిందికి చూస్తాడు. మన కంట్లో నలుసు వాళ్ళకి కంట్లో మేకు. అన్నీ ఇలా కలవవు. కళ్ళెర్రబడితే మనకి కోపం, చైనీస్‌లో అసూయ. ఇంగ్లీషులో అసూయ కళ్ళు పచ్చన.

ఇవి పొరపడినా నవ్వుకుని ఊరుకోవచ్చు. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అలా కాదు. 1801లో కోపెన్‌హాగెన్ యుద్ధంలో నెల్సన్ చూపులేని కంటికి దుర్భిణి పెట్టుకుని, వెనక్కి రమ్మన్న సంకేతం కనపడలేదన్నాడని కథ. అంటే కావాలని చూడకపోవడం. దీనికి మన పుస్తకాలిచ్చే అర్థం 'చూసీ చూడనట్టు వదిలేయడం'. మనవడి అల్లరిని అమ్మమ్మ వదిలేసేదీ అలాగే, అది ప్రేమ. అక్రమ కట్టడాన్ని అధికారి "చూసీ చూడనట్టు" వదిలేశాడని రాస్తే, నేరం మీద కూడా అమ్మమ్మ కొంగు కప్పినట్టే. పోనీ, "కన్ను మూశాడు" అందామా? మనిషే పోతాడు.

అర్థం సరిపోయినా తీర్పు మారిపోతోంది. నా అభ్యంతరం అక్కడే. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో అర్థంతో ఆగకుండా వాడుక వాక్యాలూ ఇచ్చాడు. బయటినుంచి వచ్చి నేర్చుకున్నవాడు కదా, వాటి అవసరం తెలుసు. జాతీయాల పుస్తకం ఇంకో అడుగు వేసి, ఆ మాట ఎవరు ఎవరితో అనొచ్చో, అందులో మెచ్చుకోలుందో తిట్టుందో కూడా చెప్పాలి. "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు" అని తమ్ముణ్ణి అనొచ్చు. చివర 'అండీ' చేర్చినంత మాత్రాన మేనేజర్‌తో అనలేం.