మధ్యతరగతి ఇంటిపేరు

నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు సినిమా హాలుకు పోవడం తగ్గింది. అంతా ఫోన్లోనే. ఉప్పల్లో ఒక గదిలో చేరి ఈమధ్య మేమూ మూడు సిరీసులు చూశాం.

‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ (2024)లో శివాజీ సర్కారు బడి లెక్కల మాస్టారు. ఉప్మా గొడవకి పడీపడీ నవ్వాం, అబద్ధమెందుకు? నవ్వు ఆగినాక అడగాలి కదా, ఈ మధ్యతరగతిది ఏ కులమని. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 1994లో మాదిగ దండోరా మొదలైంది. మనకు ఆ పదేళ్లంటే అవి. ఈ ఇంట్లో వాటి జాడ మా కంటికి ఆనలేదు. కులం చెప్పకపోతే అందరి ఇల్లూ అయిపోతుందని వీళ్ల నమ్మకం. ఇదే ఉప్పల్లో గది అడగబోతే ఓనరమ్మ మాలో ఒకరిని అడిగిన మొదటి మాట: ‘మీరేమిట్లు?’

‘విరాటపాలెం’ (2025)లో పెళ్లిరోజే పెళ్లికూతుళ్లు చచ్చిపోతారు. ఊరికి శాపమట. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి నడిచిన మా అమ్మలకు భయపడ్డానికి శాపం అక్కర్లేకపోయింది.

హిందీ ‘దహాడ్’ (2023) మాత్రం పేరు పెట్టి మాట్లాడింది. ఎస్సై అంజలి ఎదురైతే స్టేషన్లో ఒకడు అగరుబత్తి వెలిగిస్తాడు. తండ్రి మార్పించిన భాటీని వదిలి, చివర్లో ఆమె మళ్లీ మేఘ్వాల్ అవుతుంది. (ఆ వేషం సోనాక్షి సిన్హాకే దక్కడం వేరే గొడవ.) మేం చప్పట్లు కొట్టాం. గది దొరకనాయన కొట్టలేదు. ‘ఆమెకు క్వార్టరుంటది. నాకు ముందు ఇల్లు దొరకనీ’ అన్నాడు.