ఆవగింజంత బుగ్గదీపం

నమూనా వాహనాల నిర్మాణంలో హెచ్చరిక దీపాల అమరికను చివర చేర్చే అలంకారంగా భావించేవారు ఉన్నారు గాని, అగ్నిమాపక శకటమైనా అంబులెన్సైనా తన కర్తవ్యాన్ని దూరం నుంచే చాటుకునేది తెలుగువారు బుగ్గ అని పిలిచే ఆ దీపంతోనే కనుక, అది వెలగని నమూనా ఎంత నేర్పుగా రంగులు దిద్దుకున్నా అసంపూర్ణమే. ఈ విద్య ఎంతగానో వికసించిన దేశాల్లో జర్మనీ ఒకటి. అసలు వాహనాన్ని 87వ వంతుకు కుదించే హెచ్‌ఓ కొలతలో హెర్పా, వీకింగ్ వంటి సంస్థలు అక్కడ అత్యవసర వాహనాల నమూనాలను తయారుచేస్తూ వచ్చాయి. 2001లో హాంబర్గ్‌లో ప్రారంభమైన మినియాటూర్ వుండర్‌లాండ్ ప్రదర్శనశాలలో, క్నుఫింగెన్ అనే కల్పిత పట్టణంలో మంటలు రేగినప్పుడల్లా చిన్నారి అగ్నిమాపక శకటాలు నీలిదీపాలు మెరిపిస్తూ వాటంతట అవే కదిలివెళ్తాయి.

ఆ నీలిరంగే ఈ కళను దీర్ఘకాలం నిరీక్షింపజేసింది. కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే రూపొందించినా, ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ షూజి నకమురా కృషితో 1993లో గాని వెలువడలేదు. అందుకు పునాది వేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిసి ఆయన 2014లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నీలి ఎల్‌ఈడీ రాకముందు నమూనాకారులు గోధుమగింజంత తంతు బల్బును నీలి ప్లాస్టిక్ చాటున వెలిగించేవారు. దాని వేడికి ప్లాస్టిక్ మెత్తబడేది, బల్బు మాడిపోతే వాహనాన్ని మళ్లీ విప్పవలసివచ్చేది.

అసలు శకటం మీద 15 సెంటీమీటర్ల వ్యాసం గల బుగ్గ హెచ్‌ఓ కొలతలో 1.7 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది గనుక, అందులో పట్టే ఎల్‌ఈడీని వెతకడమే తొలి పని. 0603 అనే రకం, పేరులోనే అంగుళపు వందో వంతుల్లో తన కొలతను దాచుకుని, 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 0402 అంతకంటే చిన్నది. ఈ ఎల్‌ఈడీకి అతికే తీగ ఎనామిల్ పూసిన 0.1 మిల్లీమీటరు రాగితీగ, అంటే మోటారు వైండింగు చేసేవారి దగ్గర కనిపించే తీగకే మరింత సన్నని రూపం. లావుపాటి తీగ పూతను బ్లేడుతో గీకవచ్చు గాని, ఇంత సన్నని తీగ ఆ గీకుడుకు తెగిపోతుంది కనుక, దాని కొనను కరిగిన టంకపు బొట్టులో ముంచి పూతను కాల్చివేస్తారు. ఆ తర్వాత ఎల్‌ఈడీని రెండువైపులా అంటుకునే టేపు మీద నిలిపి, లోహపు అంచుకు గుగ్గిలం కలిసిన ఫ్లక్సు రాసి, టంకం పూసిన తీగ కొనను దానికి ఆనించి, వేడి కడ్డీని క్షణం తాకించి తీసేస్తారు. తగరం, సీసం కలిసిన టంకం కరగడానికి 183 డిగ్రీలు కావలసిఉండగా నమూనా దేహమైన పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి, ఈ అతుకుపని అంతా వాహనానికి వెలుపలే ముగించి, తీగలను మాత్రమే కప్పులోని సన్నని రంధ్రం గుండా లోపలికి దింపడం తప్పనిసరి.

ఎల్‌ఈడీ విద్యుత్తును తనంతట తాను అదుపు చేసుకోలేదు గనుక దానికి వరుసలో ఒక నిరోధకం, అంటే రెసిస్టరు, ఉండాలి. 12 వోల్టుల సరఫరాలో నీలి ఎల్‌ఈడీ 3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 9 వోల్టులను నిరోధకం భరించాలి. 2 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం చాలనుకుంటే లెక్క 4,500 ఓంలకు తేలుతుంది, అంగట్లో దానికి దగ్గరగా దొరికేది 4,700 ఓంలది. ఎల్‌ఈడీ తట్టుకోగల 20 మిల్లీ ఆంపియర్లనూ ఇచ్చేయడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు బుగ్గ మిరుమిట్లు గొలపడమే గాక, పలుచని ప్లాస్టిక్ కప్పు గుండా కాంతి కారిపోయి శకటం మొత్తం కాగితపు లాంతరులా కనిపిస్తుంది. అందుకే నేర్పరులు వెలుగును తగ్గించి, కప్పు లోపలి వైపున నల్లరంగు పూస్తారు.

అయితే ఈ విద్యకు ప్రాణం వెలుగులో కాదు, దాని లయలో ఉంది. పాతకాలపు బుగ్గలో స్థిరమైన బల్బు చుట్టూ మోటారు అద్దాన్ని తిప్పేది. చూసేవారి కంటికి కాంతి క్రమంగా పెరిగి, ఒక్కసారి మెరిసి, మళ్లీ తగ్గేది. ఆవగింజంత చోటులో అద్దం తిప్పడం సాధ్యం కాదు గనుక, ఒక చిన్న మైక్రోకంట్రోలరు ఎల్‌ఈడీని సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పుతూ, వెలిగిన కాలపు నిష్పత్తిని మారుస్తూ ఆ భ్రమను కల్పిస్తుంది. ఠక్కున మెరిసే జినాన్ దీపాన్ని అనుకరించాలంటే ఈ పెరగడం, తగ్గడం పనికిరావు. వెంటవెంటనే రెండు పొట్టి మెరుపులు, ఆపై విరామం కావాలి. ఒకే శకటం మీది రెండు తిరిగే బుగ్గలకు వేర్వేరు మోటార్లు ఉన్నప్పుడు అవి ఎప్పుడూ జంటగా కదిలేవి కావు. రెండింటినీ ఒకే తాళానికి మెరిపించిన నమూనాను ఆ వాహనాలను ఎరిగినవారు ఇట్టే పసిగడతారు. ఐరోపా ప్రమాణం ఈ మెరుపులను సెకనుకు 2 నుంచి 4 వరకు పరిమితం చేసింది గనుక, అంతకు మించిన వేగం ఆటవస్తువుకే చెల్లుతుంది.

కొత్తగా చేపట్టేవారు హెచ్‌ఓతో కాక, చేతికి అందే 1:43 నమూనాతో, కాస్త పెద్దదైన 0805 రకం ఎర్రని ఎల్‌ఈడీతో ఆరంభించడం మంచిది. 3 వోల్టుల నాణెపు బ్యాటరీ నీలిదీపానికి అరకొరగానే సరిపోయినా, 470 ఓంల నిరోధకంతో ఎర్రదీపాన్ని చక్కగా వెలిగిస్తుంది. ఈ కొలతలోని నమూనాలు చాలావరకు లోహంతో పోతపోసినవి కాబట్టి, అతుకులు దేహాన్ని తాకకుండా కప్పి, పైకప్పు మూసే ముందే దీపాన్ని వెలిగించి చూసుకోవాలి.