నగరానికి స్త్రీరూపం: లంక చెప్పిన సాక్ష్యం

సుందరకాండ పారాయణం జరిగే ఇళ్లలో లంకిణి ఘట్టం త్వరగా దాటిపోతుంది. సముద్రలంఘనం ముగిసింది, అశోకవనం ఇంకా రాలేదు. నడుమ ఒక రాక్షసి అడ్డుపడింది, హనుమంతుడు ఒక్క పిడికిలి పోటుతో పడగొట్టాడు, ముందుకు సాగాడు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మనమూ ఇంతమాత్రమే చెబుతాం. వారికి ఆ దెబ్బ నచ్చుతుంది. కాని ఆ రాక్షసి తానెవరో చెప్పుకొన్న మాటను వారికి చెప్పడం మరచిపోతున్నాం. నీవెవరవని హనుమంతుడు అడిగినప్పుడు ఆమె ఇచ్చిన సమాధానం విచిత్రమైనది: తాను సాక్షాత్తు లంకా నగరాన్నేనని.

లంకిణి అన్నది మనం వాడుకలో పిలుచుకొనే పేరు. వాల్మీకి దృష్టిలో అక్కడ నిలబడినది స్త్రీరూపం ధరించిన నగరమే. ఆ రూపాన్ని కవి హఠాత్తుగా ప్రవేశపెట్టలేదు. అంతకు ముందే హనుమంతుడు కొండ శిఖరం మీద నుంచి లంకను చూసినప్పుడు, ప్రాకారాలు ఆమెకు కటిప్రదేశంగా, చుట్టూ ఉన్న జలం వస్త్రంగా, శతఘ్నులూ శూలాలూ కేశాలుగా, బురుజులు కర్ణాభరణాలుగా వర్ణించాడు. మొదట ఉపమానంగా కనిపించిన స్త్రీ, కొంతసేపటికి ద్వారం దగ్గర నిలిచి మాట్లాడింది. కావ్యనిర్మాణంలో ఇది చాలా జాగ్రత్తగా వేసిన మెట్టు.

చెడిన నగరాన్ని స్త్రీగా చూపడం ఒక్క మన సాహిత్యపు అలవాటు కాదు. క్రైస్తవుల ప్రకటన గ్రంథంలో బాబిలోను ధూమ్ర రక్త వర్ణ వస్త్రాలు కట్టి, బంగారు పాత్ర చేతబట్టి, ఏడు తలల మృగం మీద కూర్చున్న స్త్రీగా కనిపిస్తుంది. ఆమెతో కలిసి పాపం చేసిన రాజులూ, ఆమె వల్ల ధనవంతులైన వర్తకులూ ఆమె తగలబడుతున్నప్పుడు దూరంగా నిలబడి విలపిస్తారు. అదే గ్రంథంలో పవిత్ర నగరం వధువుగా వస్తుందన్న మాట కూడా చెప్పాలి. ఒక మతగ్రంథాన్ని తూచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇటువంటి బింబాన్ని కల్పనా సాహిత్యం చేతబట్టినప్పుడు ఏమి జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. నగరం చెడితే, చెరచినవారు ఎవరు? స్త్రీరూపం ఇచ్చిన వెంటనే ఆ ప్రశ్న మాయమై, చెడిన స్త్రీ ఒక్కతే మిగిలిపోతుందా?

ఈ ప్రశ్నకు పరీక్షగా నిలిచే నవల ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1880లో ప్రచురించిన ‘నానా’. ఇరవై నవలల మాలికలో ఇది తొమ్మిదవది. పేదల వాడలో పుట్టిన నానా పారిస్ రంగస్థలం మీద వీనస్ దేవత వేషంలో కనిపించగానే నగరమంతా ఆమె చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఒక బ్యాంకరు దివాలా తీస్తాడు. ఒక సైనికాధికారి తన దళం సొమ్ము దొంగిలించి చెరసాల పాలవుతాడు. ఒక ప్రభువు గుర్రాలతో సహా అశ్వశాలకు నిప్పంటించుకొంటాడు. రాణివాసంలో ఉన్నత పదవిలో ఉన్న ముఫా ప్రభువు తన మానమర్యాదలను ఆమె కాళ్ల దగ్గర పోగొట్టుకొంటాడు. నానా ఒక స్త్రీ మాత్రమే కాదు, మూడవ నెపోలియన్ కాలపు పారిస్ నగరమే ఆమె రూపంలో నడుస్తున్నదని చదువరికి అర్థమవుతూనే ఉంటుంది. చివరికి 1870లో, జర్మనీ మీదికి యుద్ధానికి పోదామని జనం వీధిలో కేకలు వేస్తుండగా, ఆమె ఒక హోటలు గదిలో మశూచితో మరణిస్తుంది. కుళ్లిన ఆమె ముఖాన్ని జోలా చాలాసేపు మనచేత చూపిస్తాడు.

ఈ నవలలో ఒక సూక్ష్మం ఉంది. నానాను మురికిలో పుట్టి, భవనాల కిటికీల గుండా దూరి, వాలిన చోటల్లా విషం చిమ్మే బంగారు ఈగగా వర్ణిస్తూ ఒక పత్రికా రచయిత వ్యాసం రాస్తాడు. అతని పేరు ఫోషెరీ. ఆ ఫోషెరీయే ముఫా ప్రభువు భార్యతో రహస్య సంబంధం పెట్టుకొన్నవాడు. అంటే నేరారోపణ పత్రం రాసినవాడు కూడా ఆ కుళ్లులో భాగస్వామియే. జోలాకు ఈ సంగతి తెలుసు, మనకూ తెలియజేశాడు. చివరి ఘట్టంలో మరింత స్పష్టం చేశాడు. నానా వల్ల సుఖపడిన పురుషులు అంటువ్యాధికి భయపడి మేడ ఎక్కరు, వీధిలోనే నిలబడతారు. ఆమె పక్కన కూర్చుని సేవ చేసినది ఆమెతో పోటీపడిన మరొక నటి, రోజ్. అయినా నవల చివర మన కంటిలో మిగిలేది వీధిలో నిలిచిన పురుషుల ముఖాలు కావు, మంచం మీది స్త్రీ ముఖమే. సామ్రాజ్యపు వ్యాధి అంతా ఒక దేహం మీద వ్రాయబడింది. రచయిత బుద్ధికి నిజం తెలిసినా, అతడు ఎన్నుకొన్న బింబం తీర్పును మరొకవైపు లాగింది. ‘నానా’ గొప్ప నవల. అయినా ఇది అందులోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

ఇప్పుడు లంక దగ్గరికి తిరిగి వద్దాం. విశ్వకర్మ నిర్మించిన ఆ నగరంలో ముందు నివసించినవాడు కుబేరుడు. రావణుడు దానిని అన్నగారి నుంచి లాక్కున్నాడు. కాబట్టి ద్వారం దగ్గర నిలిచిన ఆ స్త్రీ కూడా ఒక విధంగా అపహరింపబడినదే. అశోకవనంలో ఒకతె, కోటగుమ్మంలో ఒకతె. మొదటి ఆమె రావణుని ఆజ్ఞను ధిక్కరించింది; రెండవ ఆమె అదే ఆజ్ఞకు లోబడి కావలి కాసింది. వాల్మీకి ఈ పోలికను నోటితో చెప్పలేదు గాని, కథ నడిపిన తీరు మనచేత ఆలోచింపజేస్తుంది.

ముందు చేయి చేసుకొన్నది లంకయే. హనుమంతుడు స్త్రీ అన్న భావంతో కోపాన్ని అదుపులో ఉంచుకొని ఎడమచేతి పిడికిలితో కొట్టాడు. ఆమె పడిపోగానే జాలిపడ్డాడు. ఆ తరువాతే అసలు ఘట్టం ఆరంభమవుతుంది. పడిపోయిన నగరం మాట్లాడింది. ఒక వానరుడు నిన్ను జయించిన నాడు రాక్షసులకు ఆపద వచ్చినదని తెలుసుకొమ్మని బ్రహ్మ తనకు చెప్పిన మాటను వెల్లడించింది. సీత కారణంగా రావణునికీ రాక్షసులకూ వినాశం దాపురించిందని తానే తీర్పు చెప్పి, లోపలికి వెళ్లి చేయదలచిన పని చేసుకొమ్మని అనుమతించింది. తన చెడుకు తాను సాక్షి, తన యజమానికి వ్యతిరేకంగా తాను సాక్షి. బాబిలోను గురించి ఇతరులు మాట్లాడతారు. నానా గురించి పత్రికలు వ్రాస్తాయి. లంక మాత్రం తన మాట తానే చెప్పుకొంది.

ఆ రాత్రి హనుమంతుడు రావణుని అంతఃపురంలో నిద్రిస్తున్న స్త్రీలను చూడవలసివచ్చింది. పరస్త్రీలను చూశానే, ఇది ధర్మలోపం కాదా అని అతడు కలతపడతాడు. ఇంద్రియాలను నడిపేది మనస్సు, తన మనస్సు చలించలేదు కనుక దోషం లేదని తేల్చుకొంటాడు. అంటే దోషం ఉన్నదా లేదా అన్నది చూసినవాని మనస్సులో నిర్ణయమవుతుంది, చూడబడిన స్త్రీల రూపంలో కాదు. ముఫా ప్రభువు ఈ ఒక్క వాక్యాన్ని గ్రహించి ఉంటే ‘నానా’ నవల మరొక విధంగా నడిచేది.

వాల్మీకిని నిర్దోషిగా నిలబెట్టాలని నాకు పట్టుదల లేదు. మాట్లాడిన నగరమే తరువాత తగలబడింది; అపరాధం రావణునిదైతే ఇళ్లు కాలినవి ప్రజలవి. అయితే కావ్యం ఆ మంటతో తృప్తిపడి ఊరుకోలేదు. నిప్పు పెట్టిన హనుమంతుడే తన కోపాన్ని తాను నిందించుకొన్నాడు. యుద్ధం ముగిశాక లంకను నేలమట్టం చేయక, విభీషణునికి పట్టం కట్టారు. నగరం చెడితే మార్చవలసినది పాలన అని కథాగమనమే చెబుతున్నది.

కాళిదాసు రఘువంశం పదహారవ సర్గలోనూ నగరం స్త్రీగా వస్తుంది. అర్ధరాత్రి తలుపులు వేసిన గదిలో కుశుని ఎదుట నిలిచి, తాను రాముడు లేని అయోధ్యనని చెప్పి, పాడుబడిన తన మేడలనూ దిగుడుబావులనూ వర్ణించి, రాజును తిరిగి రమ్మంటుంది. అది చెడిన నగరం కాదు, వదిలివేయబడిన నగరం. అక్కడ కూడా స్త్రీకి వాక్కు ఉంది. జవాబు చెప్పవలసినవాడు రాజు. మన తెలుగులో 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడ ‘కన్యాశుల్కం’ విజయనగరపు కుళ్లును చూపుతుంది. ఆ కుళ్లుకు మధురవాణిని ప్రతిమగా నిలబెట్టడం ఎంతో సులభం. గురజాడ ఆ పని చేయలేదు. పసిపిల్లలను అమ్మే తండ్రులూ, దొంగసాక్షులూ, గిరీశాలూ ఆ ఊరిని చెరిచారు. వేశ్య అయిన మధురవాణి వారిని కనిపెట్టింది, మాట్లాడింది.

మన భాషను నేర్చుకొనే పిల్లలు గమనించదగిన ఒక సంగతి ఉంది. తెలుగులో ‘నగరం వచ్చింది’, ‘ఆమె వచ్చింది’ అంటాం. పురుషునికి మాత్రం ‘వచ్చాడు’. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒక్కటే. అందుచేత నగరాన్ని స్త్రీగా మార్చడం మనకు అతి సులభం. ‘పాలు చెడిపోయాయి’, ‘గడియారం చెడిపోయింది’ అంటాం. ‘వాడు చెడిపోయాడు’ అంటే, బాగుపడతాడన్న ఆశ ఇంకా ఆ వాక్యంలో ఉంటుంది. ‘ఆమె చెడిపోయింది’ అని లోకం అన్నప్పుడు ఆ ఆశ ఉండదు. ‘ఊరు చెడిపోయింది’ అనే మాట ఈ రెండింటి మధ్య ఎటు ఒరుగుతుందో వినే చెవి మన పిల్లలకు అలవడాలి.

అందుకే నా విన్నపం చిన్నది. ఈసారి ఇంట్లో సుందరకాండ చెప్పేటప్పుడు, హనుమంతుని దెబ్బ దగ్గర కథను తొందరపెట్టకండి. పడిపోయిన లంకను పూర్తిగా మాట్లాడనివ్వండి. నగరం ఏమన్నది, ఎవరిని తప్పుపట్టింది, ఎవరికి దారి విడిచింది అని పిల్లలను అడగండి. వినే ఆడపిల్లకు ఆ సమాధానం తెలిసి ఉండడం అవసరం. మగపిల్లవాడికి మరింత అవసరం.