కుబ్జ సమ్మతి

కావ్యాన్ని విమర్శించే కొలతలతోనే చట్టాన్నీ చదవాలని నేను విద్యార్థులతో అంటూ వుంటాను. యెవరికి నోరిచ్చారు, యెవరి నోరు కట్టారు అన్నదే రెండింటిలోనూ ప్రధానమైన ప్రశ్న. అంగవైకల్యం గల స్త్రీల ప్రసవం, గర్భం, కాపురం గురించి మన సాహిత్యమూ చట్టమూ యేమంటున్నాయో ఆ కొలతతోనే చూద్దాం.

భారతంలో ధృతరాష్ట్రుడు పుట్టుగుడ్డి. ఆ కారణంగా పట్టం తమ్ముడికి పోయింది గాని, పెళ్ళికి అడ్డు రాలేదు. నూరుగురు కొడుకులకు తండ్రయ్యాడు. వంశం నిలపవలసిన రాజకుమారుడు గదా! భాగవతం దశమస్కంధంలోని కుబ్జ కంసుడికి మైపూతలు తీసే దాసి. ఆమె కృష్ణుణ్ణి తన యింటికి పిలిచేది అతడామె గూని సరిచేసిన తరువాతనే. భక్తులకు యిది అనుగ్రహం. సమాజదృష్టితో చదివేవారికి మాత్రం, గూనితో వున్న దాసి కోరికను కథ పలకనివ్వలేదని తెలుస్తుంది.

యీ చూపు పురాణాలతో పోలేదు. 1994లో మహారాష్ట్రలోని శిరూరు ప్రభుత్వ వసతిగృహంలో వుంటున్న, బుద్ధిమాంద్యం గల స్త్రీలు కొందరికి పుణేలో గర్భసంచులు తీసివేశారు. బహిష్టు శుభ్రత పాటించలేరన్నది చెప్పిన కారణం. సబ్బూ, గుడ్డా, నేర్పే ఆయా కావలసిన చోట కత్తి పెట్టారన్నమాట. వసతిగృహాలలో అత్యాచారాల భయం మరొక సాకు. గర్భసంచి తీస్తే అత్యాచారం ఆగదు. దాని జాడ చెరిగిపోతుంది, అంతే.

2009లో చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన అనాథ యువతి బిడ్డను కంటానన్నది. ఆమెకు స్వల్ప బుద్ధిమాంద్యం వుంది. హైకోర్టు గర్భస్రావానికి ఉత్తర్వు చేయగా సుప్రీంకోర్టు దాన్ని రద్దుచేసి, ఆమె మాటే నిలిపింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం యింకా ముందుకు పోయింది. లైంగిక, ప్రసూతి ఆరోగ్య సేవలను 25వ సెక్షనులో చేర్చింది. తెలిసి యిచ్చిన సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్స కూడదని 10వ సెక్షనులో చెప్పింది. స్త్రీ సమ్మతి లేని గర్భస్రావాన్ని 92వ సెక్షను శిక్షార్హం చేసింది. కాని ఆ సెక్షనులోనే, వైకల్యం తీవ్రమైతే వైద్యుని అభిప్రాయమూ సంరక్షకుని సమ్మతీ చాలునన్న మినహాయింపు వుంది. తనను తాను కాపాడుకోలేని మనిషికి హక్కు అందరికంటె ఎక్కువ కావాలి. అక్కడనే చట్టం ఆమె నోటిని మరొకరికి అప్పగించింది.

యిక ఆస్పత్రి సంగతి. పోలియో సోకిన గర్భిణి యెక్కలేనంత యెత్తు పరీక్షబల్ల వేసి, చెవిటి కోడలి జవాబులు అత్తగారినడిగి రాసుకుని, 25వ సెక్షను అమలైందంటే నమ్మడమెలా? దిగే బల్ల, సంజ్ఞాభాష తెలిసిన మనిషి, గుడ్డివారు వినగలిగే సమాచారం, చుట్టాలను బయటికి పంపి ఆమెనే అడిగే అయిదు నిమిషాలు — యివి బడ్జెటులో పద్దులుగా కనబడాలి. "దివ్యాంగులు" అని పేరు మార్చినంత మాత్రాన చాలదు. దివ్యదేహాలకు బహిష్టు లేదు, పురుడు లేదు, మనుషులకున్నాయి.

మినహాయింపును తొలగించమని అడగడం ఉద్యమం పని. గూనితోనే తలుపు తీసి మాట్లాడే కుబ్జను సృష్టించడం అభ్యుదయ రచయితల పని. రెండూ వొకేసారి జరగాలి.