అన్నయ్య రాతప్రతి

మాఘమాసంలో ముప్పాళ్ళ చుట్టుపక్కల ఏ కళ్లం చూసినా ఎర్రగా మిరపకాయలే. మా అన్నయ్య నవల అక్కడే, పట్టా అంచున కూర్చుని చదివాను. పెదనాన్న కొడుకు. గుంటూరు యార్డులో మిర్చి కొని మలేషియాకు, శ్రీలంకకు, బంగ్లాదేశ్‌కు పంపుతాడు. ఇరవై ఏళ్లుగా రేవులు పట్టుకు తిరుగుతున్నాడు. సరుకు తడిసింది, బేరాలు చెడ్డాయి, ఒకసారి పరాయి ఊళ్లో చేతిలో పైసా లేకుండా వారం గడిపాడు. ఇవన్నీ నవలలోకి ఎక్కించాడు. మూడు వందల పేజీలు. ప్రతి పేజీలోనూ తనే.

"ఎట్టుందిరా?" అన్నాడు.

పక్కనే ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. మాటల్లో ఉన్నా వాళ్ల చెయ్యి మాత్రం తెల్లబారిన కాయ మీదికే పోతుంది.

"రేవులో మూటలు దించే ముసలాయన బాగున్నాడన్నయ్యా," అన్నాను. మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో ఒకాయన బస్తా వాసన చూసి, తెలుగులో "ఏ ఊరి కాయ?" అని అడుగుతాడు. ఏ తాతల నాడో తోటల పనికి వెళ్లిన కుటుంబం. నవలలో ఆయనకు దక్కింది నాలుగు లైన్లు. ఆ వెంటనే కంటైనర్ తగాదా.

"నేను పడ్డ పాట్లు నేను రాయకపోతే ఎవడు రాస్తాడ్రా?"

అది న్యాయమైన మాటే. అందుకే అతనికి ఇంగ్లిష్ నవలాకారుడు నెవిల్ షూట్ సంగతి చెప్పాను. ఆయనా వ్యాపారే, 1931లో ఎయిర్‌స్పీడ్ అనే విమానాల కంపెనీ పెట్టినవారిలో ఒకరు. 1948లో సొంత చిన్న విమానంలో, ఒక్క స్నేహితుణ్ణి తోడు తీసుకుని, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు బయల్దేరారు. 1951లో వచ్చిన ఆయన నవల 'రౌండ్ ది బెండ్' చదివితే ఆ ప్రయాణం ఏమైందో తెలుస్తుంది. అందులో టామ్ కట్టర్ అనే ఆయన బహ్రెయిన్‌లో విమానాల మీద సరుకు రవాణా చేసే వ్యాపారం పెడతాడు. కథ చెప్పేది ఆ యజమానే. కథ మాత్రం అతని దగ్గర పనిచేసే మెకానిక్ షాక్లిన్‌ది. ఇంజన్ బాగుచెయ్యడాన్ని దేవుడి పనిగా చేసే మనిషి అతను. షూట్ తన దారులన్నీ కట్టర్‌కు ఇచ్చి, పుస్తకాన్ని మెకానిక్ చేతిలో పెట్టారు. అంత తిరిగినవాడికి ఇలా పక్కకు జరగడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

అంత దూరం ఎందుకు, మాకు దగ్గరి వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారున్నారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చారు. గుంటూరులో శారదానికేతనం పెట్టారు. 1921లో పల్నాడు పుల్లరి (మేత పన్ను) ఉద్యమంలో అరెస్టయ్యారు. తన పేరుతోనే చెప్పుకోడానికి ఎంత ఉంది! 1922లో జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాస్తే అందులో బారిస్టరు గారు కథానాయకుడు కాలేదు. తాను కళ్లారా చూసిన జైలు బతుకును మాలపల్లి రామదాసు కుటుంబానికి అప్పగించారు. చదివిన ప్రభుత్వం భయపడి నిషేధించింది. నాకు ఈ నవల మీద ఉన్న గౌరవంలో సగం, ఆయన తనను తాను తప్పించుకున్నందుకే.

అన్నయ్య ఏమీ అనలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని కూలీల లెక్క చూసుకోడానికి వెళ్లిపోయాడు. నొప్పించానేమోనని మధ్యాహ్నమంతా మనసు పీకింది.

పొద్దువాలాక కాయల్ని టిక్కీ బస్తాల్లో వేసి తొక్కుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆ ముసలాయన పేరు నేను అడగలేదురా," అన్నాడు. "ఏం పేరు పెడదాం?"