బెల్టు ఊరికే ఆగదు

గోదావరిఖనిలో బొగ్గు బాయి ఎలక్ట్రీషియన్‌కు రాత్రి షిఫ్టులో వచ్చే ఫోన్ దాదాపు ఒక్కటే: "అన్నా, బెల్టు ఆగింది." ఎందుకని అడిగితే "ఊరికెనే ఆగింది" అంటాడు ఆపరేటర్. ఊరికే ఏ బెల్టూ ఆగదు.

ఎలా ఆగిందన్నది నా మొదటి ప్రశ్న. మూలుగుతూ నెమ్మదించి ఆగితే లోడు ఎక్కువైందో, రోలర్లు పట్టేశాయో చూడాలి. టక్కున ఆగితే కంట్రోల్ సర్క్యూట్ ఎక్కడో తెగినట్టే. తర్వాత, ముందుగా ఆగింది ఏ బెల్టు? బాయిలో ఒక బెల్టు ఇంకోదాని మీద బొగ్గు పోస్తూ పైకి పంపుతుంది. బయటివైపు బెల్టు ఆగితే లోపలివీ ఆగేలా ఇంటర్‌లాక్ ఉంటుంది, లేకుంటే ఒక బెల్టు నుంచి ఇంకోదానికి బొగ్గు జారే చూట్ దగ్గర గుట్ట పడుతుంది. అందుకే ఫోన్ వచ్చిన చోటికి ఉరకడం కన్నా బయటి నుంచి చూసుకుంటూ పోవడం నయం.

బెల్టు పక్కన తాడు లాగితే ఆపే పుల్ కార్డ్ స్విచ్ పడితే సంతోషమే. తాడును మనిషి లాగినా, ఒలికిన బొగ్గు దాని మీద పడినా, చేత్తో రీసెట్ చేసేదాకా స్విచ్ అలాగే ఉంటుంది. కారణం దొరుకుతుంది. ఏడిపించేది అదురుకు వదులైన కనెక్షన్. మనం పోయేసరికి బుద్ధిగా అతుక్కుని ఉంటుంది, లోడు పడ్డాక మళ్లీ మొదలు.

అప్పుడే ఎవరో ఒకరు అంటారు: "డైరెక్ట్ ఇచ్చెయ్ అన్నా, టన్నులు పోతున్నయ్." స్విచ్‌ను తప్పించి రెండు వైర్లు కలిపితే బెల్టు నడుస్తుంది, నిజమే. కానీ ఆగాల్సిన బెల్టు ఆగకపోతే గనిలో ఘోరం జరుగుతుంది. 1950 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని క్రెస్‌వెల్ బొగ్గు గనిలో, ఒక బెల్టు నుంచి ఇంకోదానికి బొగ్గు మారే చోట, చిరిగిన బెల్టు ఇరుక్కుని రాపిడికి మంట లేచింది. 80 మంది పోయారు. డ్రమ్ము తిరుగుతూ బెల్టు జారుతుంటే మోటారును ఆపే స్పీడ్ స్విచ్ ఉన్నది ఇలాంటి రాపిడి కోసమే. దాన్ని మాత్రం ఎవరు చెప్పినా డైరెక్ట్ ఇవ్వను.

వదులు కనెక్షన్ లాంటి, వెతికితే కనపడని దొంగ ట్రిప్పును పట్టించేది లాగ్‌బుక్కే. మనవాళ్లు "బెల్టు ఆగింది, నడిచింది" అని రాసి సంతకం పెట్టేస్తారు. ఎన్ని గంటలకు, ఏ డ్రైవ్ దగ్గర, లోడు మీదా ఖాళీగానా అని ఇంకో లైను రాస్తే, తర్వాతి షిఫ్టులో వచ్చేవాడు జంక్షన్ బాక్సులన్నీ విప్పక్కర్లేదు.