‘ఏమి’ అనడం నేర్చుకున్నాను

క్షేత్రయ్య నాకు యాభై రెండో ఏట దొరికాడు. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని. త్యాగరాజ కీర్తనలు అమ్మ నోట వింటూనే నిద్ర లేచేవాణ్ని. క్షేత్రయ్య పదాల పుస్తకం నాన్న బీరువాలో ఉండేది. కాలేజీ రోజుల్లో ఒకసారి తిరగేశాను. నాయిక అలగడం, చెలికత్తె దగ్గర మొరపెట్టుకోవడం, మధ్యలో మువ్వగోపాలుడి పేరు. ఇంతేనా అనుకుని మూసేశాను.

మూడేళ్ల కిందట మైలాపూరులో ఒక స్నేహితుడి ఇంట్లో టి. బృంద పాడిన క్షేత్రయ్య పదం పాత రికార్డింగు విన్నాను. ముఖారి రాగం. పాట ముందుకు కదలదేమిటని మొదట విసుగొచ్చింది. కాసేపటికి, కదలకుండా అక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది.

ఆ నెలలోనే పదాలు నేర్చుకోవడానికి ఒక టీచరమ్మ దగ్గర చేరాను. ఆవిడ ఇంటిభాష తమిళం. మొదటిరోజు గంటసేపు పదంలోని ఒకే ఒక్క మాట: ‘ఏమి’. తొడ మీద త్రిపుట తాళం, ఏడు లెక్కలు, ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి. ‘ఏ’ దగ్గర గొంతు కిందికి జారి, నిలబడి, ‘మి’ దగ్గర తేలాలి. ఆవిడ పాడితే ఒకసారి దెప్పిపొడుపు, ఒకసారి నిస్సహాయత, ఇంకోసారి దాచుకోలేని వలపు. నేను పాడితే ఉత్త ప్రశ్న.

“మీరు అడుగుతున్నారు సార్. నాయిక అడగడం లేదు. ఆమెకి జవాబు తెలుసు” అన్నారు.

పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న మాట అది. దాని అర్థం నాకు తెలుసుననే అనుకున్నాను. పుస్తకంలో నాయిక ఏమన్నదో ఉంది. అనేముందు ఎంతసేపు ఆగిందో లేదు. అది రాగంలో, ఆ విలంబంలో ఉంది. నా మటుకు సంగీతమంటే ఇప్పుడు అదే.

క్షేత్రయ్య పదిహేడో శతాబ్దపు మనిషి, కృష్ణా జిల్లా మొవ్వ ఊరివాడు. తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువు చూసినవాడు. పదాలు వేలల్లో చెప్పానని తానే ఒక పదంలో లెక్క చెప్పుకున్నాడు. మిగిలినవి కొన్ని వందలే. ఆ కొన్నైనా పాటగా బతికాయంటే అది దేవదాసీ కుటుంబాల స్త్రీల చలవ. జార్జిటౌన్‌లో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారం సాయంత్రాలు ఇంట్లోనే వాయించేది, చూపు పోయాక కూడా. ఆమె మనవరాళ్లలో బృంద, ముక్త ఆ పదాలు పాడారు, బాలసరస్వతి అభినయం పట్టింది. లోకం వాళ్ల కులాన్ని చిన్నచూపు చూస్తున్న కాలంలోనే, తమిళ గడ్డ మీద, మన మాటలోని ప్రతి ఒత్తునీ నోటి నుంచి చెవికి భద్రంగా అందించారు. సంగీత కళానిధి బిరుదు బాలసరస్వతికి 1973లో, బృందకి 1976లో వచ్చింది. తెలుగువాళ్లం వాళ్లకి పడ్డ రుణం ఇంతని చెప్పలేను.

మా తాత బట్టల కొట్టు జార్జిటౌన్‌లోనే ఉండేది. ఏ శుక్రవారమైనా ఆ ఇంటి ముందు ఆగాడో లేదో, అడిగే వయసులో నాకు తోచలేదు.

మొన్న ఆదివారం వసారాలో కూర్చుని, తాళం వేసుకుంటూ ఆ ఒక్క మాటే అంటున్నాను. లోపల మంచం మీద పడుకున్న అమ్మ లేచి కూర్చుంది.

“ఎవరి మీదరా అంత అలక?” అంది.